పేరు మీద మొలిచిన కొమ్ములు

నేను ఒక టేకు పలకను. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగున్నర. కాకినాడ జగన్నాథపురంలో సింహాద్రాచారి అనే వడ్రంగి దగ్గర ఎవరింటికో కిటికీ రెక్క కావలసినదాన్ని. ఆ ఇంటివాళ్లు ఇనుప కిటికీలకు మారడంతో నాకు గాలీ వెలుతురూ తప్పిపోయి గౌరవం పట్టింది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గారికి పేరుపలకనయ్యాను.

ఆచారి నా మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా "కె. నీలకంఠేశ్వరరావు" అని పెద్దక్షరాలు చెక్కి, కింద కుడిపక్కన ఉద్యోగం చిన్నక్షరాల్లో చెక్కాడు. తీసుకువెళ్లడానికి వచ్చిన రోజున ఇన్‌స్పెక్టరు గారు జేబులోంచి స్కేలు తీసి అక్షరం అక్షరం కొలిచారు.

"ఠ కడుపులో చుక్క ఏదయ్యా?"

"అంత సిన్నది ఎవరు సూత్తారండి?"

"నేను చూస్తాను."

చుక్క పడింది. ఆ తర్వాత ఇరవయ్యారేళ్లు ఆయన ఏ ఊరు బదిలీ అయితే ఆ ఊరి ఆఫీసు తలుపు పక్కన వేలాడాను. రిటైరయ్యాక నన్ను రామారావుపేటలోని ఇంటికి తెచ్చి, వీధిలోకి కనిపించేలా వరండా గోడకు కొట్టించారు. రోజూ కాఫీ తాగి, నా ముందు నిలబడి చదువుకునేవారు. తన పేరు తనకు తెలియనిదేం కాదు. అయినా మనిషికి అదో తృప్తి.

ఆయన భార్య హైమవతి గారికి మట్టిలో పెరిగే మొక్కలంటే చిన్నచూపు. గాలిలో బతికే ఫెర్న్‌లంటే ప్రాణం. పెరటి మామిడి మానుకు రెండు రకాలు కట్టారు. కొబ్బరి డొక్కల్లో మరో నాలుగు వేలాడదీశారు. ఒకసారి కడియం నర్సరీ నుంచి అరచేతిలో పట్టేంత జింకకొమ్ముల ఫెర్న్ తెచ్చి, "దీనికి మట్టి అక్కర్లేదు, మంచి చెక్క కావాలి" అంటూ ఇల్లంతా వెతికి, చివరికి నా ముందు ఆగారు.

"నా పేరు మీదా?" అన్నారు ఆయన.

"పేరు మీద కాదండీ, కిందున్న ఉద్యోగం మీద. ఉద్యోగం ఎలాగూ అయిపోయిందిగా. పేరుంటే చాలదా?"

"బదనికలా ఉంది. పట్టుకున్నదాన్ని పీల్చేస్తుంది."

"బదనిక కాదు. ఇది చోటు మాత్రమే అడుగుతుంది, తిండి తనే చూసుకుంటుంది. ఇంట్లో అందరూ అలా ఉంటే నాకింకేం కావాలి?"

ఆవిడే సుత్తి అందుకున్నారు. నాకు నాలుగు మేకులు కొట్టి, కొబ్బరి పీచు పరిచి, నైలాను దారంతో మొక్కను కట్టేశారు.

ఆ మొక్కకు రెండు రకాల ఆకులు. కొమ్ముల్లా చీలి బయటికి వేలాడేవి కొన్ని. పళ్లెంలా గుండ్రంగా చెక్కకు అతుక్కుపోయేవి కొన్ని. ఈ పళ్లేలతోనే వచ్చింది చిక్కు. మొదటి ఏడు "ఇన్‌స్పెక్టరు" మాయమైంది. రెండో ఏడు "రావు" మునిగింది. మూడో ఏటి వానలకు ఠ, దాని కడుపులో చుక్కతో సహా పోయింది. చివరికి "కె. నీల" మిగిలింది.

"నీల మేడమ్ గారున్నారాండి?" అన్నాడు కొరియరు అతను, ఎదురుగా గుబురు మీసాలతో నిలబడ్డ నీలకంఠేశ్వరరావు గారితో. ఆయన సంతకం చేసి కవరు తీసుకున్నారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

అంతలో హైమవతి గారి అక్కకు విజయనగరంలో కంటి ఆపరేషన్ వచ్చింది. పొద్దున్నే ఆకుల మీద నీళ్లు చిలకరించమని మరీ మరీ చెప్పి, ఆవిడ పది రోజులు వెళ్లారు. మూడో రోజున ఈయన భూతద్దం పెట్టి చూస్తే, గుండ్రటి ఆకులు గోధుమరంగుకు తిరిగి కాగితంలా ఎండి ఉన్నాయి.

"చచ్చింది!" అన్నారు. ఆ గొంతులో బాధ ఏమాత్రం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

స్క్రూడ్రైవరు తెచ్చి, ఆ ఎండాకులను అప్పడాలు విరిచినట్టు పెళపెళా ఊడబెరికారు. అక్షరాలన్నీ నల్లగా, తడిగా బయటపడ్డాయి. గుడ్డతో తుడిచి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి తన పేరు పైకే చదువుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే, పచ్చటి కొమ్ములు తీగ మీద ఆరేసిన తడిపంచెల్లా వేలాడిపోతున్నాయి.

ఆయన గబగబా చొక్కా తొడుక్కున్నారు. నన్ను దింపి, తడి తువ్వాలు చుట్టి, ఒళ్లో పెట్టుకుని కడియం బస్సెక్కారు. పక్క సీట్లో ఆవిడ జాలిగా చూసి, "ఎవరిదండి ఫొటో?" అంది.

"నాదే," అన్నారు పరధ్యానంగా. ఆవిడ లేచి వేరే సీటుకు వెళ్లిపోయింది.

నర్సరీ నడిపే చెల్లాయమ్మ తువ్వాలు విప్పి గుండెలు బాదుకుంది. "అయ్యబాబోయ్, గుండ్రటాకుల డాలు పీకేసారేటండి! ఎండిందంటే సచ్చినట్టు కాదండి. వేళ్లకి తడి దాసిపెట్టేది అదే. ఎండాకేనండి దానికి అసలు పని!"

"రిటైరయ్యాకా?" అన్నారు ఆయన మెల్లిగా.

"ఏటండి?"

"ఏం లేదు. బతుకుతుందా?"

"నడిమిన మొగ్గ పచ్చగానే ఉందండి. కొత్త డాలొత్తే బతికినట్టే."

ఆమె తడి పీచు దట్టించి కట్టి ఇచ్చింది. ఇంటికొచ్చాక ఆయన నన్ను తొట్టిలో వాచీ చూసి పావుగంట నానబెట్టడం, నానకముందూ నానాకా తూచడం, ఆ బరువులు గోడ కేలండరు మీద రాసుకోవడం మొదలుపెట్టారు.

పదో రోజున హైమవతి గారు వచ్చారు. గేటు దగ్గర నుంచే, భర్త కంటే ముందు నన్ను చూశారు.

"ఏమైంది దీనికి?"

ఎండ దెబ్బ అనొచ్చు. పిల్లి మీదకు తోసెయ్యొచ్చు. ఆయన మాత్రం, "నేనే పీకాను. పేరు కోసం," అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. ఆనాటి నుంచి వేళకు కాఫీ వచ్చేది గాని మాట వచ్చేది కాదు. ఆయన రోజూ పొద్దున్నే నా ముందు నిలబడేవారు. ఇప్పుడు చదివేది పేరు కాదు, మొగ్గ.

ఇరవై మూడో రోజున వీధంతా వినిపించేలా అరిచారు. "హైమా! రెండు మిల్లీమీటర్లు!"

ఆవిడ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు. "ఏదీ? ఎక్కడ?" శనగగింజంత పచ్చటి డాలు. రెండు తలలూ నా మీదకు వంగాయి.

"వేరే చెక్కకు మారుద్దామాండీ?" అన్నారు ఆవిడ. "మీ పేరు మీకుంటుంది."

ఆయన కొత్త డాలు ఎటు తిరుగుతుందో స్కేలు పెట్టి చూశారు. తిన్నగా "నీ" వైపే.

"కదిపితే బెదిరిపోతుంది. ఉండనీ."

కొన్నేళ్లయింది. ఇప్పుడు నా మీద ఒక్క అక్షరం కనిపించదు. తడికి నా అంచులు మెత్తబడుతున్నాయి. ఇంకెన్నాళ్లుంటానో తెలియదు. నిన్న ఆయన వరండాలో నిలబడి ఫోనులో ఎవరికో దారి చెబుతున్నారు.

"సందులో మూడో ఇల్లండీ. పేరు రాసి ఉండదు. గోడ మీద పెద్ద మొక్క కనిపిస్తుంది. దానికి నీళ్లు చిలకరిస్తూ ఒక ముసలాయన ఉంటాడు, ఆయన్నడగండి."

ఆ ముసలాయన ఎవరో మాత్రం చెప్పలేదు.