రెండో తారీఖు పిల్ల

మా మనవరాలు కృతి సెప్టెంబరు రెండున పుట్టింది. పుట్టింది అనడం కంటే పుట్టించారు అనడం న్యాయం. డాక్టరమ్మ ఆపరేషన్‌కి ఆగస్టు ముప్పై అంటే మా అల్లుడు అమర్‌నాథ్ ససేమిరా అన్నాడు. ఆ ఏడు రెండో తారీఖున వినాయక చవితి పడింది. ఆ రోజున పుడితే చదువుకి అడ్డే ఉండదట. పగలల్లా కంప్యూటర్‌తో కుస్తీ పట్టే మనిషి, పంచాంగం పట్టుకుని డాక్టరమ్మని బతిమాలి తన పంతం నెగ్గించుకున్నాడు.

తీరా బడికి పంపే ఏడు వచ్చేసరికి ఇక్కడ అమెరికాలో, మా శాన్ రామన్‌లో స్కూలు వాళ్లేమన్నారయ్యా అంటే, సెప్టెంబరు ఒకటికల్లా అయిదేళ్లు నిండిన పిల్లలకే కిండర్‌గార్టెన్. ఒక్క రోజు చాలలేదు కాబట్టి మా పిల్ల దానికి ముందు క్లాసులో కూర్చోవాలి. పాపం ఆ దేవుణ్ణి అనడానికేముంది, ఆయన్ని అడ్డంగా కూర్చోబెట్టింది మా ఇంజనీరు గారే.

కృతికి ఈ గొడవేదీ పట్టలేదు. దానికి కావలసిందల్లా పక్కింటి నీల్ పక్కన కూర్చోవడం. వాడు ఆగస్టు మధ్యలో పుట్టాడు, దీనికన్నా రెండు వారాలు పెద్ద. పొద్దున లేస్తే ఇది వాళ్లింట్లో, లేకపోతే వాడు మా ఇంట్లో. "నీల్ క్లాస్ నా క్లాస్" అని ఇంటికొచ్చిన ప్రతి అంకుల్‌కీ చెప్పేది.

మా అమ్మాయి దేదీప్య ఊరుకుంటుందా? ఆఫీసులో రోజూ డెడ్‌లైన్లు జరిపే మనిషికి స్కూలు తారీఖు జరగకపోవడం అవమానంగా తోచింది. వెళ్లి ప్రాధేయపడితే, టెస్టు పాసైతే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటాం అన్నారు. ఇంకేం, వేసవంతా పిల్లకి ఆట లేదు, పాట లేదు. "నీల్‌తో కూర్చోవాలా వద్దా? అయితే ఈ పేజీ చెయ్" అనేది వాళ్లమ్మ. ఆ మాటకి అది పళ్లు బిగించి అన్నీ నేర్చుకుంది.

"అమ్మా, మీనాక్షి ఆంటీకి చెప్పకు. వాళ్లూ ఏదో స్టార్ట్ చేస్తారు" అని నాకు ఆజ్ఞ. మీనాక్షి నీల్ వాళ్ల నాయనమ్మ, వరంగల్ మనిషి. ఇక్కడి మనవాళ్లు గోంగూర పంచుకుంటారు, వీసా కష్టాలు పంచుకుంటారు, పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం నోటికి తాళం.

రోజూ సాయంత్రం పార్కులో మేమిద్దరం నడుస్తాం.

"నీల్‌ని ఎక్కడికైనా పంపుతున్నారా వదినగారూ?" అన్నాను ఒకరోజు.

"ఏం లేదు వదినె, ఊకె ఆడుకుంటడు. మరి మీ పిల్ల?"

"మాదీ అంతే. ఉత్త ఆటలు."

తర్వాత ఇద్దరం ఎండల గురించి తెగ మాట్లాడుకున్నాం. కడుపులో మాట దాచడం ఎంత బాధో నాకు ఆ వేసవిలో తెలిసింది.

కృతి టెస్టు పాసైంది. బడి తెరిచిన రోజున రెండు కుటుంబాలూ స్కూలు ఆవరణలో నిలబడ్డాయి. కృతి కిండర్‌గార్టెన్ లైన్‌లోకి పరిగెత్తి, తన ముందు చోటు వదిలి నిలబడింది. ఎవరో పిల్లవాడు అందులోకి రాబోతే "ఇది నీల్‌ది" అని తోసేసింది. నీల్ మాత్రం అటు చిన్నపిల్లల లైన్‌లోకి వెళ్లాడు. అందరిలోకీ వాడే పొడుగు.

"ఇదేంటి వదినగారూ, వీడు అటెళ్లాడు?"

"ఒక ఏడాది ఆపిన్రు వదినె. క్లాసుల అందరికన్న పెద్దగుంటె లీడర్ అయితడట."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నరు. నువ్వు జెప్పినవా?"

రెండిళ్లలో ఏ ఒక్కరు తెలివి ఉపయోగించకుండా ఉండి ఉన్నా, పిల్లలిద్దరూ ఇవాళ ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చునేవాళ్లు! పెద్దవాళ్లు మాత్రం "వావ్, గ్రేట్ డెసిషన్" అని ఒకళ్లనొకళ్లు మెచ్చుకున్నారు. కారెక్కగానే దేదీప్య మొహం మాడ్చుకుంది.

"అమర్, మనమూ ఆపాల్సిందేమో. ఇప్పుడు క్లాస్‌లో అందరికన్నా మనదే చిన్నది!"

"సిగ్గు లేదుటే?" అన్నాను. ఎవరూ వినలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర కృతి ముద్ద ముట్టలేదు.

"నాన్నా, టెస్ట్‌లో అన్నీ రాంగ్ చేస్తే నీల్ క్లాస్‌కి పంపిస్తారా?"

"నో నో, కన్నా. నువ్వు చాలా స్మార్ట్ కదా" అన్నాడు అల్లుడు.

"నాకు స్మార్ట్ వద్దు. రిటర్న్ చేసేద్దాం" అంది. "అమ్మ డ్రెస్ రిటర్న్ చేస్తుంది కదా, అలాగే."

అమర్‌నాథ్ దేదీప్య వైపు చూశాడు. దేదీప్య కంచంలోకి చూసుకుంది. వాళ్లు ఒప్పుకోవడం లేదనుకుంది కాబోలు, కృతి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది.

"తీసుకుంటారు నాన్నా. నేను ఇంకా వాడలేదు."