చివర దీర్ఘం లేదు

నా గొంతంటే నాకు కాస్త గర్వం. ఉంటుంది మరి. ఇరవై రెండేళ్ళుగా బస్టాండులో అనౌన్సరుగా పనిచేస్తున్నాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎవరి పర్సు ఎక్కడ దొరికిందో, తప్పిపోయిన పిల్ల ఎవరి కోసం ఏడుస్తోందో నేను చెబితేనే జనానికి తెలుస్తుంది. ఇంట్లో కూడా మైకు ముందు ఉన్నట్టే మాట్లాడతావని మా ఆయన విసుక్కుంటాడు. ఆ మాట నేను ఏనాడూ చెవిన పెట్టలేదు.

మా పనిలో ఒక కిటుకు ఉంది. బస్టాండులో పేరు చివర సాగదీయకూడదు. ఆ రేకుల కప్పు కింద సాగదీసిన అక్షరం గింగురుమంటూ తిరిగి, తరవాతి మాటను మింగేస్తుంది. అందుకని తుంచేయాలి. సభలో అయితే దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ పేరు చివర సాగదీస్తేనే చప్పట్లు పడతాయి. లేకపోతే పేరు అయిపోయిందో లేదో తెలియక జనం నోళ్ళు తెరుచుకుని చూస్తారు. తుంచడం, సాగదీయడం, రెండూ నాకు కొట్టిన పిండి.

డిపో వార్షిక సభకు ఏటా మైకు నాదే. ఈసారి పెద్ద బహుమతి మెకానిక్ పిల్లకి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. షెడ్డులో అందరూ స్పానర్ అని పిలుస్తారు. నిండా జనంతో గేటు దాటబోతున్న బస్సుకి అడ్డంగా నిలబడి ఆపించింది. చక్రం దగ్గర చప్పుడు తేడాగా ఉందంది. డ్రైవరు తిట్టాడు, జనం తిట్టారు. విప్పి చూస్తే బ్రేకు డ్రమ్ము నిలువునా పగిలి ఉంది. ఆ చెవికే బహుమతి.

సభ రోజు పొద్దున నేను మైకు సరిచూసుకుంటుంటే వచ్చింది. చేతులు శుభ్రంగా కడుక్కుంది గానీ గోళ్ళలో నలుపు పోలేదు. కుర్చీల వరసల మధ్య నిలబడి మెల్లగా చెప్పింది.

“మేడమ్, నా పేరు చివర దీర్ఘం లేదు. దీర్ఘం పెడితే మా అక్క పేరవుతుంది. మా అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. ఆవిడకి చూపు ఆనదు, వినికిడి మీదే బతుకుతోంది. కాస్త చూసి చదవండి.”

వాళ్ళిద్దరూ కవలలట. తండ్రి అచ్చుయంత్రాల దగ్గర ప్రూఫులు దిద్దే మనిషి. జీవితమంతా జనం వదిలేసిన దీర్ఘాలు పెట్టీ పెట్టీ, సరదాకి కూతుళ్ళిద్దరికీ ఒక్క దీర్ఘం తేడాతో పేర్లు పెట్టాడట. ఇంట్లో పెద్దదాన్ని దీర్ఘం అనీ, దీన్ని పొట్టిదీ అనీ పిలిచేవాళ్ళట.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నువ్వు పలక పట్టకముందు నుంచీ మైకు పట్టుకున్నదాన్ని, నాకు అక్షరాలు నేర్పకు అన్నాను. ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయి, నా మొహం చూసి, తల ఊపి వెళ్ళిపోయింది. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆ మాట అక్కడితో మరిచిపోయాను.

సాయంత్రం హాలు నిండిపోయింది. బ్రేకు డ్రమ్ము కథ చెప్పి, జనాన్ని ఊరించి ఊరించి, చివరికి ఆ పిల్ల పేరు పిలిచాను. అలవాటు కొద్దీ చివర అక్షరాన్ని హాలు ఆ మూలకి తగిలేలా సాగదీశాను. చప్పట్లు మోగాయి.

ముందు వరసలో ఒకావిడ దిగ్గున లేచి నిలబడింది. స్టేజీ వైపు తిరగలేదు. తలుపు వైపు తిరిగింది. రెండు చేతులూ చాపి, “పెద్దదానా, ఇటు, నేను ఇటున్నాను” అంటూ కుర్చీల వీపులు తడుముకుంటూ నడవసాగింది. వెనక ఎవరో నవ్వారు. ఆవిడ మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. చప్పట్లు కూడా ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

స్టేజీ మెట్లు ఎక్కబోతున్న మెకానిక్ పిల్ల పరుగెత్తుకొచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. తల్లి ఆ చేతులు విదిలించుకుంది.

“నువ్వు కూర్చోవే పొట్టిదానా. నిన్ను కాదు పిలిచింది. అక్కని.”

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా పెదవి దాటిందేమిటో నాకు అప్పుడు తెలిసింది. స్టేజీ దిగి వాళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళానో తెలియదు. మీ అక్క ఎక్కడుంది అని ఆ పిల్లని అడిగాను.

గొంతు తగ్గించి, గబగబా చెప్పింది. అక్కకి ఒళ్ళు పెరిగింది గానీ మనసు ఆరేళ్ళ వయసు దగ్గరే ఆగిపోయిందట. ఆరేళ్ళ కిందట బస్సు మారుతూ మా బస్టాండులో దిగినప్పుడు, తల్లి నీళ్ళ సీసా నింపుకుని వచ్చేలోపు కనబడకుండా పోయిందట. ఇంతవరకూ దొరకలేదు. తండ్రి ఆ బెంగతోనే పోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనరట. అన్నారంటే అది దొరికినట్టేనని అమ్మ నమ్మకమట.

ఇంతమంది ముందు, ఇంత పెద్ద మైకులో, పోయిన బిడ్డ దొరికిందని నేను ఆ తల్లికి చాటి చెప్పాను. పొద్దున పిల్ల వచ్చి చెప్పినా వినకుండా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆవిడ ఇంకా తలుపు వైపే మొహం పెట్టి వింటోంది. ఆ నిరీక్షణని ఒక్క క్షణం కూడా సాగనివ్వకూడదనిపించింది. ఆవిడ చేయి పట్టుకుని, అమ్మా, ఎవరూ రావడం లేదు, పిలవాల్సింది మీ చిన్నమ్మాయినే, లేని దీర్ఘం పెట్టి తప్పు పలికాను, తప్పంతా నాదే అని చెప్పాను.

ఆవిడ కదలడం మానేసింది. చాపిన చేతులు కిందికి దిగాయి. మెల్లగా నా వైపు తిరిగి, మొహం దగ్గరగా తెచ్చి, ఏదో మాట్లాడమంది. అదే క్షమాపణ మళ్ళీ చెప్పాను. నువ్వు బస్టాండులో పిలిచే అమ్మాయివి కదూ అని అడిగింది. అవునన్నాను. నా గొంతు గుర్తుపట్టిందని, ఆ స్థితిలో కూడా, నా సిగ్గులేని మనసు కాస్త పొంగింది.

“నువ్వు తప్పు పలికింది ఇవాళ కాదమ్మా” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. “దాని పేరు ఇవాళే సరిగ్గా పిలిచావు. తప్పు పలికింది ఆరేళ్ళ కిందట. మా ఆయన కాగితం మీద రాసిచ్చాడు, చివర దీర్ఘం దిద్ది మరీ ఇచ్చాడు. నువ్వు మూడు రోజులు చిన్నదాని పేరే పిలిచావు.”

పిలిచే ఉంటాను. అందరి పేర్లూ తుంచినట్టే దీన్నీ తుంచి ఉంటాను.

“చెప్పడానికి మా ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. ఏదైతేనేం, జరగండి అన్నావు. మైకు ఆపడం మరిచావేమో, ఆ మాట కూడా బస్టాండంతా వినబడింది. మా ఇంట్లో ఎవరి పేరు పిలిస్తే వాళ్ళే పలకాలి. వాళ్ళ నాన్న పెట్టిన ఆట అది. చెల్లి పేరు పిలిస్తే నా పెద్దది నోటికి చేయి అడ్డం పెట్టుకుని కూర్చునేది, పొరపాటున కూడా పలికేది కాదు.” ఆవిడ మళ్ళీ తలుపు వైపు మొహం తిప్పింది. “అక్కడే ఏ బెంచీ మీదో కూర్చుని, మూడు రోజులూ వినే ఉంటుంది.”

మెకానిక్ పిల్ల ఇక చాలమ్మా అంది. పొద్దున ఆ పిల్ల చెప్పబోయి ఆగిన మాట ఇదే. కిటికీ దగ్గరికి వచ్చిన ఆ మనిషిని గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా మొహం గుర్తు రాలేదు. అలా జరగండి అని ఎంతమందిని అన్నానో, అందులో ఆయన ఎవరో.

స్టేజీ మీద డిపో మేనేజరు బహుమతి పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆవిడ తన కుర్చీ వెతుక్కుని కూర్చుని, చీర కొంగు సర్దుకుంది.

“వెళ్ళి చిన్నదాన్ని పిలువు” అంది. “ఆ పేరు నీ నోటికి బాగా అలవాటేగా.”

స్టేజీ ఎక్కి మైకు అందుకుని, ఆ పేరు పిలిచాను. చివర దీర్ఘం లేకుండా, సరిగ్గా ఆ మూడు రోజులూ పిలిచినట్టే పిలిచాను.