రోడ్డుకి అవతల మేకపిల్ల

కార్ల రేసు ఊరి వీధుల్లోనే జరిగే విలా రియాల్‌లో, రేసు ఆదివారం నాడు జనం రెండే రకాలు. రోడ్డుకి ఇవతల ఇరుక్కున్నవాళ్ళు, అవతల ఇరుక్కున్నవాళ్ళు. సైరన్ మోగి రోడ్డు మూశాక పోపుగారొచ్చినా ఆగాల్సిందే. ఓసారి ఆగారని కూడా అంటారు గానీ, ఆ మాట అనేది బేకరీ జుల్మీరా ఒక్కతే.

తెల్మో ఆవేరో నుంచి శుక్రవారమే వచ్చాడు. పేరుకి రేసు చూడ్డానికి. అసలు పని, బ్రూనాని తనకిచ్చి పెళ్ళి చెయ్యమని వాళ్ళ నాన్న అబీలియోని అడగడం. రెండు రోజుల్లో పదకొండుసార్లు నోరు తెరిచాడు. పదకొండుసార్లూ అబీలియో ఆ నోరు మూయించి టైర్ల గురించి గంటేసి చెప్పాడు. పైగా తెల్మో ఉద్యోగం ఆవేరో కాలవల్లో యాత్రికులని తిప్పే పడవ నడపడం. ఆ పడవని బాతులు దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తాయి. కార్లంటే ప్రాణమిచ్చే మనిషికి ఈ ముక్క ఎలా చెప్పడం?

"నాలుగింటికి నీ బస్సు. ఈలోగా అడక్కపోయావో, నేనే అడిగేస్తా. ఆ తర్వాత నీకు ఎనభై ఏళ్ళొచ్చేదాకా దెప్పుతా," అంది బ్రూనా పొద్దున్నే.

ఆ కంగారులో ఉండగానే అబీలియో పురమాయించాడు. "ఏవోయ్, ఎదురు బేకరీకెళ్ళి మన మేకపిల్ల పట్రా. కిడ్నీలు జాగ్రత్త. అవి ఇంటిపెద్ద వాటా."

రేసు రోజున వీధి వీధంతా మాంసం జుల్మీరా పొయ్యిలోనే కాల్పించుకుంటుంది. తెల్మో వెళ్ళేసరికి మేకపిల్ల ఎర్రగా వేగి, బంగాళాదుంపల మధ్య రాజులా పడుకునుంది. జుల్మీరా మాత్రం వెంటనే వదల్లేదు. పూర్వం ఓ డ్రైవరు రేసు మధ్యలో కారాపి, తన దగ్గర రొట్టె కొనుక్కుని, చిల్లర కూడా లెక్కచూసుకుని, అయినా గెలిచిన కథ మొదలెట్టింది. పెద్దావిడ కదా అని తెల్మో చివరిదాకా విన్నాడు. సైరన్ మోగింది.

పళ్ళెం పట్టుకుని పరిగెత్తి, గేటు దగ్గర జెండా పట్టుకుని కాపలా ఉన్న రేసు మార్షల్ని బతిమాలాడు.

"బాబ్బాబు, ఇరవై అడుగులే!"

"మా అమ్మ కూడా అవతలే ఉంది," అన్నాడు మార్షల్. "నన్నే దాటనివ్వలేదు."

చేసేది లేక బేకరీ పైన బాల్కనీ ఎక్కాడు. సరిగ్గా ఎదురుగా అబీలియో బాల్కనీ. అందులో బ్రూనా, వాళ్ళమ్మ అల్బెర్తీనా, ఫోర్కులు పట్టుకుని కూర్చున్న పద్నాలుగు మంది చుట్టాలు. మధ్యలో రెండు ఇనప వలలు, రెండు నిమిషాలకోసారి ఇరవై రెండు కార్లు. అవి వెళుతుంటే జనం పళ్ళు కూడా కదిలేవి. వెళ్ళాక మళ్ళీ వచ్చేదాకా పిచ్చుక తుమ్మినా వినపడేంత నిశ్శబ్దం.

ఐదో ల్యాపు అయ్యాక తెల్మోకి ఓ సంగతి తట్టింది. అబీలియో చెయ్యి ఇక్కడిదాకా రాదు. టైర్ల ఉపన్యాసమూ రాదు. పైగా మేకపిల్ల తన దగ్గరుంది.

"అబీలియో గారూ!" అని అరిచాడు. "బ్రూనాని నాకిచ్చి పెళ్ళి చెయ్యండి!"

వీధిలో ఉన్న ప్రతి బాల్కనీ ఇటు తిరిగింది.

"మేకపిల్ల చల్లారిపోతోంది, దాని మీద గుడ్డ కప్పు!" అని అరిచాడు అబీలియో. కార్లొచ్చాయి. వెళ్ళాయి.

"కప్పాను! పిల్ల సంగతి చెప్పండి!"

"నువ్వు నడిపేదేంటసలు?"

"పడవ!"

"ఎంత స్పీడు?"

"గంటకి ఆరు!"

"అరవయ్యా?"

"కాదండీ, ఆరే!"

పక్క బాల్కనీలో ఎవరో గుండె పట్టుకున్నారు. మళ్ళీ కార్లొచ్చాయి. ఆ మోతలోనే అబీలియో చేతులూపుతూ ఏదో తెగ మాట్లాడాడు. మంచి మాటలైతే కాదని అల్బెర్తీనా మొహం చూస్తే తెలిసిపోయింది.

తెల్మో చుట్టూ చేరినవాళ్ళు అప్పటికే పళ్ళెం వాసన చూసి నీరసపడి ఉన్నారు. "నాయనా," అంది జుల్మీరా, "ఈ మేకకి నాలుగు కాళ్ళుంటాయి. రేసు ఇంకా ఐదు ల్యాపులుంది."

తెల్మో కత్తి తీశాడు.

"అబీలియో గారూ! మీరు ఒప్పుకునేదాకా ల్యాపుకో కాలు!"

"నీకంత ధైర్యం లేదులే!"

కార్లొచ్చి వెళ్ళేసరికి ముందరి కుడికాలు జుల్మీరా చేతిలో ఎముకై ఉంది. ఎదుటి బాల్కనీలో పద్నాలుగు ఫోర్కులు ఒక్కసారిగా దిగాలుపడ్డాయి.

"వచ్చే ఏడాది రేసప్పుడు ఆలోచిద్దాం!" అన్నాడు అబీలియో.

ముందరి ఎడంకాలు పోయింది.

"క్రిస్మస్‌కి!"

వెనక కాలు కూడా పోయింది. అది కిందికి అందిస్తే మార్షల్ తిన్నాడు, జెండా చంకలో పెట్టుకుని. పైనుంచి కిందిదాకా వీధంతా "ఇచ్చెయ్! ఇచ్చెయ్!" అని చప్పట్లు. మొదటి స్థానంలో ఎవరున్నారో చూస్తున్న మనిషి ఒక్కడు లేడు. ఒక డ్రైవరైతే ఈ జనం దేన్ని చూస్తున్నారో అని కిటికీలోంచి ఇటు చూసుకుంటూ పోయాడని జుల్మీరా చెబుతుంది.

తెల్మో నాలుగోకాలు ముట్టుకోలేదు. పళ్ళెంలో చెయ్యిపెట్టి, రెండు కిడ్నీలూ ఫోర్కుకి గుచ్చి, ఎండలోకి పైకెత్తాడు. అవి కొవ్వుతో తళతళ మెరిశాయి.

అబీలియో కుర్చీలోంచి లేచిపోయాడు.

"దించు! అవి దించరా అబ్బాయ్! పిల్లనిస్తున్నా! ఈ వీధే సాక్ష్యం!"

ఆఖరి ల్యాపు మోతని మించిపోయింది ఆ వీధి మోత. ముందు కారులోని డ్రైవరు ఆ చప్పట్లన్నీ తనకే అనుకుని చెయ్యూపాడు. ఎవరూ చూడలేదు.

రోడ్డు తెరవగానే తెల్మో పళ్ళెంతో దాటాడు. బ్రూనా సగం దూరం ఎదురొచ్చి, ముందు వాణ్ణి ముద్దుపెట్టుకుని, తర్వాత ఓ బంగాళాదుంప నోట్లో వేసుకుంది. అబీలియో గుమ్మంలో నించుని కిడ్నీలు లెక్కచూసుకున్నాడు. రెండూ ఉన్నాయి. అల్లుడి భుజం మీద ఓ చెయ్యేసి, రెండో చేత్తో పళ్ళెం లాక్కున్నాడు.

"నేను శుక్రవారమే సరేననుకున్నా," అంది అల్బెర్తీనా కుర్చీ జరుపుతూ. "నన్నొక్కరైనా అడిగితేగా! కూర్చో నాయనా. పద్నాలుగు మందికి ఒక్క కాలు, ఎలా పంచుతావో పంచు."