ఇమాం సాహెబ్ వాకిట్లో విమానం నీడ

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేటప్పుడు చాంద్ బీ నడిమధ్యన నాలుగు మంచాల మేర పొడిగా వదిలేసేది. నీడ పడేది అక్కడే. తడి నేల మీద కొలతలు సరిగ్గా రావని వాళ్ల నాయన ఇమాం సాహెబ్ చెప్పేవాడు. ఆయన పోయి మూడేళ్లయినా, మూడేళ్లుగా ఒక్క నీడా పడకపోయినా, ఆ చోట చుక్క నీళ్లు పడనిచ్చేది కాదు. ఊడ్చినాక పొయ్యి మీద టీ పెట్టి, అది మరిగేలోపు చెక్క చెక్కే బాడిసె నూరుకునేది.

వెల్దుర్తిలో మాచర్ల రోడ్డు పక్కన ఇమాం సాహెబ్ వాకిలంటే తెలియని రైతు లేడు. ఎవరన్నా వచ్చి నాకో బండి కావాలని చెప్పి పోతే, మర్నాడు తెల్లారేసరికి ఆ బండి నీడ అక్కడ పడి ఉండేది. బండి ఉండదు, నీడ ఒక్కటే. పొద్దు ఎటు తిరిగినా అది కదలదు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఎట్టా పడాలో అట్టానే ఉంటది. దాని మీద తాడేసి కొలుచుకుని ఇరుసూ చక్రాలూ చెక్కేవాళ్లు. ఆ బండి మొదట ఎక్కేవాడి తల కూడా అందులో కనపడేది, తలపాగా ఉంటే తలపాగాతో సహా. పని పూర్తయ్యాక మిట్టమధ్యాహ్నం బండిని తెచ్చి నీడ మీద నిలబెట్టి ఆ మనిషిని ఎక్కిస్తే, రెండు నీడలూ ఒకటైపోయేవి. అప్పుడు ఎద్దుల్ని కట్టేవాళ్లు. ఇందులో వింతేముంది? పక్క ఊరి వడ్రంగి గజం బద్దతో కొలుస్తాడు, వీళ్లు నీడతో కొలుస్తారు, అంతే తేడా.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒక మేస్త్రి పోయినాక పడే మొదటి నీడలో కొత్త మేస్త్రి తల ఉంటది. ఎవరి తలుంటే వాకిలీ పనిముట్లూ వాళ్లవి. తాత పోయినప్పుడు ఇమాం సాహెబ్ బట్టతల అచ్చు గుద్దినట్టు పడిందంట. ఇమాం సాహెబ్ పోయినాక మాత్రం వాకిలి ఖాళీగా ఉండిపోయింది.

చాంద్ బీ అన్న షౌకత్ మూడు నెలలు ఎదురు చూసి, విసుగెత్తి, పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో కూలీల మీద మేటీగా చేరాడు. నెత్తిన రేకు టోపీ పెట్టుకుని వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ట్రాక్టర్లొచ్చి బండ్ల పనే పోయింది, ఇంక ఈ వాకిలెందుకని అతని మాట. ఊరి పెద్దమనిషి నాగేశ్వరరావుకు లారీలు నిలుపుకునే షెడ్డు కావాలి. ఇద్దరికీ మాట కుదిరింది. ఒక ఆదివారం నాగేశ్వరరావు మనుషులొచ్చి వాకిలి నాలుగు మూలలా నాలుగు హద్దు గూటాలు దిగ్గొట్టి పోయారు.

చాంద్ బీని ఎవరూ అడగలేదు. అడగరు కూడా. ముప్పై దాటిన పిల్ల, నడుం దాకా జడ, మగవాళ్లు ఇద్దరు పట్టే దూలాన్ని ఒంటిగా దొర్లించే మనిషి. పెళ్లిచూపులకు ఎవరన్నా వస్తే లోపల కూర్చుని ఉలి సాన పట్టేది. ఆ చప్పుడుకు చానామంది టీ సగంలో వదిలేసి పోయారు. గూటాలు చూసి ఆమెకు కడుపు మండిపోయింది. పీకి పారేద్దామనుకుంది. కానీ దిగ్గొట్టించినవాడు అన్న, పీకాల్సిందీ అన్నే అనుకుని ఊరుకుంది. నీడ పడేదాకా ఆగమని మాత్రం ఇద్దరికీ చెప్పింది. సరే, వేసవి వెళ్లేదాకా చూస్తామని నాగేశ్వరరావు నవ్వుతూ ఒప్పుకున్నాడు. పడదని ఆయన ధీమా.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో జాన్ సాహెబ్ పెట్టె తెచ్చాడు. జాన్ సాహెబ్ లారీ డ్రైవరు, పిడుగురాళ్ల సున్నం మద్రాసుకు తోలేవాడు. అక్కడ హార్బరులో ఎవరూ విడిపించుకోని సామాను వేలం వేస్తుంటే, నూర్పిడి మిషనేమోనని ఓ పెద్ద చెక్కపెట్టె పాడుకొచ్చాడు. విప్పి చూస్తే సన్నటి గొట్టాలు, తేలికపాటి బద్దలు, ఓ తాను గుడ్డ, ఘాటు జిగురు డబ్బాలు, మూడు బుల్లి చక్రాలు, మోటారు సైకిలుకు ఉండేంత ఇంజను. ఎట్టా బిగించాలో చెప్పే కాయితాలు వాన నీళ్లకు ముద్దయిపోయాయి. నూర్పిడి మిషను కాదని తేలిపోయింది, ఏందో మాత్రం తేలలేదు.

"నువ్వేదన్నా చేసిపెట్టు చాంద్ బీ. నాకైతే ఇంటో పెట్టుకునే చోటు లేదు" అని జాన్ సాహెబ్ పెట్టె దించేసి పోయాడు.

మర్నాడు పొద్దున చీపురు పట్టుకుని బయటికొచ్చిన చాంద్ బీ గడప మీదే కూలబడింది. నాలుగు మంచాల మేర చాల్లేదు, వాకిలి ఈ కొస నుంచి ఆ కొస దాకా నీడ పడి ఉంది. చాచిన రెక్కలు, సన్నటి ఒళ్లు, వెనక తోక. నడుమన కూర్చున్న మనిషి తల. మూడేళ్ల ఏడుపు ఆ గడప మీద ఒక్కసారే ఏడ్చేసింది.

ఎదురింటి అంజమ్మ, మిరప కోతలకు కూలీలను తోలుకెళ్లే మనిషి, రోడ్డు దాటొచ్చి నీడను చూసింది. "విమానమే ఇది. మా తోట మీద నుంచి పోతా ఉంటయ్" అంది. ఆ పూట ఆమె కూలీలందరూ నీడను తొక్కకుండా పక్కనుంచి నడిచి పోయారు.

తల ఎవరిదన్నది పెద్ద తగువయింది. గుండ్రటి తలకు వెనకవైపు బొడిపె ఒకటి ఉబ్బి ఉంది. షౌకత్ వచ్చి చూసి, ఇంకెవరిది, నా రేకు టోపీ అది, వాకిలి నాదేనని తేల్చేశాడు. విమానం పూర్తయిన రోజు మిట్టమధ్యాహ్నం కూర్చుంటాను, మర్నాడే షెడ్డు కట్టుకోండని నాగేశ్వరరావుకు చెప్పాడు. చాంద్ బీ నీడ పక్కన తన నీడ పెట్టి చూసుకుంది. ఆమె జడ వీపు మీదకు పోతది, బొడిపె ఎక్కడిది? నా తల కాదనుకుంది. అయినా నీడ పడ్డాక పని ఆపడం ఆ ఇంట్లో లేదు. తాడు తీసుకుని కొలతలు మొదలుపెట్టింది.

రెండు నెలలు అదే లోకం. బద్దలు నీడ మీద పేర్చి, సరిపోయిన చోట బిగించింది. రెక్కలకు గుడ్డ తొడిగి, గోతాలు కుట్టే సూదితో తనే కుట్టింది. అంజమ్మా ఆమె కూలీలూ జిగురు పూశారు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చక్రాల ఇరుసులకు కందెన పెట్టింది. నడుముకు బిగించుకునే పట్టీ పెట్టెలో లేకపోతే, నాయన దాచిన ఎద్దు మెడపట్టెడ తీసి కట్టింది. దాని మువ్వలు ఊడదీయబుద్ధి కాలేదు.

ముక్కు దగ్గరే తప్పు చేసింది. అక్కడ నీడలో అడ్డంగా సన్నటి కర్ర ఉంది, పెట్టెలో అలాంటిది లేదు. బండి ముందు అడ్డంగా ఉండే కర్ర ఏదయితది? కాడి. తాత నుంచి వచ్చిన చెయ్యి, ఇంకోటి తోచలేదు. మంచి తుమ్మ చెక్క చూసి, ఎద్దుల మెడలు ఆనే వంపులతో సహా ముచ్చటగా కాడి చెక్కి బిగించింది. ఇంజను వేస్తే అది గిర్రున తిరిగింది గానీ విమానం బెత్తెడు కూడా కదలలేదు. చూడొచ్చిన షౌకత్ నవ్వీ నవ్వీ అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎద్దుల్ని తెప్పించమంటావా అని నాగేశ్వరరావు రోడ్డు మీద నిలబడి అడిగాడు. ఊరంతా వారం రోజులు చెప్పుకున్నారు.

చాంద్ బీ సిగ్గుపడింది, కానీ ఏడవలేదు. జాన్ సాహెబ్ లారీ వచ్చినప్పుడు ముందు మూత ఎత్తించి, రేడియేటరు వెనక ఫంకాను గంటసేపు తడిమి చూసింది. ఒక్కో రెక్క మెలి తిరిగి ఉంది. ఆ మెలితోనే గాలిని లాగుతుందని అర్థమైంది. కాడి విప్పి దూడల కొట్టంలో పెట్టి, నాయన తన ఆఖరి బండికని దాచుకున్న టేకు దిమ్మ బయటికి తీసింది. ఈసారి మెలి పెట్టి చెక్కింది. ఇంజను వేయగానే విమానం ముందుకు దూకింది. వాకిలికి గోడ లేదు, పక్కనే అంజమ్మ మిరప కోసేసిన చేను. పది రోజులు ఆ చేలో ఆ కొసకూ ఈ కొసకూ తోలుతూ తాళ్లూ పిడులూ చేతికి అలవాటు చేసుకుంది.

మే నెల రెండో శుక్రవారం, నమాజుకు ముందు, మిట్టమధ్యాహ్నం. ఊరు ఊరంతా వచ్చింది. విమానాన్ని నీడ మీద నిలబెట్టారు. ఒళ్లు ఒంటి మీద, రెక్క రెక్క మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. షౌకత్ రేకు టోపీ పెట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. టోపీ అంచు చుట్టూ వెడల్పుగా పడింది, బొడిపె బయటే ఉండిపోయింది. టోపీ వెనక్కి జరిపాడు, తిప్పి పెట్టుకున్నాడు, తీసేసి తువ్వాలు చుట్టాడు. తల కలవలేదు. చెమటలు కారుతూ దిగిపోయాడు.

"ఇది ఎవరి నీడా కాదు. అయిపోయింది. సోమవారం నుంచి లారీలు పెట్టుకుంటాం" అన్నాడు నాగేశ్వరరావు.

చాంద్ బీ విమానం వైపు నడిచింది. వాకిలి ఎటూ పోతుంది, చేసిన విమానాన్ని ఒక్కసారన్నా పైకి లేపకుండా పోనిస్తానా అనుకుంది. జాన్ సాహెబ్‌ను ఫంకా తిప్పమని సైగ చేసి, ఎక్కబోయింది.

"ఏమే చాందూ, చేలో మెల్లగా తోలినట్టు కాదు, ఆ జడ గాలికి లేచి తాళ్లలో చుట్టుకుందంటే తలే ఊడొస్తది. ముడేసుకో" అంది అంజమ్మ.

నిజమే కదా అని చాంద్ బీ జడను రెండు చుట్లు తిప్పి, వెనక గట్టిగా కొప్పు పెట్టుకుని, ఎక్కి కూర్చుంది. తలలు రెండూ కలిసిపోయాయి. బొడిపె ఉన్నచోట కొప్పు నీడ, చెవి పక్కన ఊడిన పాయ ఉన్నచోట పాయ నీడ. షౌకత్ నేల వైపు చూసి, చెల్లెలి వైపు చూసి, మళ్లీ నేల వైపు చూశాడు.

నాగేశ్వరరావు ముందు తేరుకున్నాడు. "కూర్చున్నంత మాత్రాన ఏమైంది? నేల విడవని విమానానికి మేస్త్రి ఏంది? పైకి పోవాలంటే ఢిల్లీ నుంచి కాయితం రావాలంట, తెలుసా?"

"నా వాకిట్లో నేను ఉండటానికే మిమ్మల్ని గడువు అడగాల్సొచ్చె మామా. పైకన్నా ఎవర్నీ అడక్కుండా పోనీండి" అంది చాంద్ బీ, పట్టెడ బిగించుకుంటా.

జాన్ సాహెబ్ ఫంకా తిప్పాడు. దుమ్ము లేచింది. విమానం వాకిలి దాటి చేలో పడి, మువ్వలు గలగలమంటుంటే గట్టు వైపు పరిగెత్తింది. గట్టు ఇంకో పది బారలుందనగా చక్రాల చప్పుడు ఆగిపోయింది. చాంద్ బీకి భయం వేసింది, ఎందుకెయ్యదు? పిడి వదల్లేదు. చేను కిందికి పోయింది, గట్టవతలి కంది మోళ్లు పోయాయి, మాచర్ల రోడ్డు మీద బస్సు ఆగి జనం దిగారు.

కాసేపటికి కిందికి చూసింది. వాకిట్లో ఇప్పుడు నీడ లేదు. అది ఆమె కింద, చేల మీద, గట్లు ఎక్కి దిగుతూ పరిగెత్తి వస్తోంది. తాతా నాయనా బతికినన్నాళ్లూ నీడ ముందు, వాళ్లు వెనక. ఇదొక్కటీ తన వెనక వస్తోంది. నాయన చూస్తే బాగుండునని నోరు తెరిచి గట్టిగానే అంది, అక్కడ వినేదెవరు?

తిప్పుకుని ఇంటి మీదకొచ్చింది. జనం తలలెత్తి నిలబడి ఉన్నారు. షౌకత్ ఒక్కడే తలెత్తలేదు. రేకు టోపీ పక్కన పెట్టి, వాకిలి మూల వంగి, రెండు చేతులా గూటం పట్టుకుని ఊపుతున్నాడు. చూస్తుండగానే అది ఊడొచ్చింది. దాన్ని నాగేశ్వరరావు కాళ్ల దగ్గర పడేసి రెండో మూలకు నడిచాడు.

ఇంకా మూడున్నాయి. అవి కూడా వచ్చేదాకా దిగేది లేదని చాంద్ బీ ఇంకో చుట్టు తిప్పింది.