దెంబెలేతో పరాచికం

దేశాధ్యక్షుడు ఞంకోరో దెంబెలే పుట్టిన ఊరికి వస్తున్నాడంటే ఊరంతా సున్నం కొట్టించారు. అది గోడల వరకే. బడికి మాత్రం కప్పు వేయించలేదు.

వాసా త్రవోరే ఆ పేరు వింటేనే ఉమ్మేస్తుంది. ఇద్దరిదీ ఒకప్పుడు ఒకటే వీధి. దెంబెలేను తల్లి ఎండుచేపలు అమ్మి సాకింది. పట్టాళంలో చేరి సార్జంటయ్యాక ఒకరోజు రేడియోలో కూశాడు, గద్దె మీది దొంగల్ని తరిమేశాను, రెండేళ్లలో మళ్లీ పట్టాళానికే పోతాను అని. ఆ రెండేళ్లూ గడిచి ఇరవై తొమ్మిదేళ్లయింది. సార్జంటు జనరలయ్యాడు, జనరలు మార్షలయ్యాడు. పోటీకి నిలబడ్డవాళ్లు జైలుకో పరదేశానికో పోయారు. ఎన్నికలు పెడితే నూటికి తొంభై ఎనిమిది ఓట్లు వాడివే. చచ్చినవాళ్లు కూడా వచ్చి వేసి పోయారు. ఊరి బయట విమానాశ్రయం కట్టించుకున్నాడు, అందులో మేకలు మేస్తాయి. తనకు పడిశం పడితే పరదేశపు ఆసుపత్రి, ఊరి ఆసుపత్రిలో కుట్లు వెయ్యడానికి దారం ఉండదు. ఇంత మేసినా ఆబ చావలేదు, ఛీ!

వాసా కొడుకు సిరిమాన్ బడిపంతులు. బడి కప్పుకని వచ్చిన రేకులు అధ్యక్షుడి తోటబంగళా మీదికి ఎలా ఎక్కాయని ఊరి సభలో అడిగాడు. మర్నాడు సంతలోంచి పట్టుకుపోయారు. పద్నాలుగు నెలలైంది. ఏ ఠాణాకు వెళ్లినా ఆ పేరుగలవాడు మా దగ్గర లేడంటారు.

ఆమెకు ఇక మిగిలింది ఒకటే దారి. త్రవోరే, దెంబెలే ఇంటిపేర్లవాళ్ల మధ్య తాతల నాటి పరాచికాల వరస ఉంది. త్రవోరే ఎంత తిట్టినా దెంబెలేకు కోపం రాకూడదు, దెంబెలే తిట్టినా త్రవోరేకు రాకూడదు. బొబ్బర్లు మెక్కేవాళ్లనీ బానిసలనీ ఒకరినొకరు వెక్కిరించుకోవడం అందులో మామూలు. వరస మీద నలుగురిలో అడిగింది లేదనకూడదు. చావింట్లో కూడా చెల్లే వరస అది.

"వద్దక్కా," అంది పక్కింటి న్యేలే. "సొంత అన్ననే జైల్లో పెట్టించినవాడు. వాడికి వరసలేమిటి?"

"అన్నతో పరాచికం లేదే పిచ్చిదానా, నాతో ఉంది. ఊరంతా చూస్తుండగా వరస తప్పుతాడా? తప్పితే వాడి తల్లి సమాధిలోంచి లేచొచ్చి చెప్పుతో కొడుతుంది."

ఆడవాళ్లందరికీ వాడి మొహం అచ్చేసిన బట్టలు పంచారు. అవి కట్టుకోకపోతే మైదానంలోకి రానివ్వరు. గుండెల మీద ఆ మొహం ఆనుతుంటే వాసాకు ఒంటిమీద జెర్రులు పాకినట్టయింది. మార్షల్ కారు దిగాడు. బుగ్గలు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఒక్కొక్కరితో చెయ్యి కలిపి, సెంటు రుమాలుతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. వాసా జనాన్ని తోసుకుంటూ ఎదురెళ్లింది.

"ఒరేయ్ దెంబెలే! బొబ్బర్లు మెక్కేవాడా!"

భటులు మీదికి రాబోయి, మార్షల్ చెయ్యెత్తడంతో ఆగారు. "త్రవోరే వచ్చింది!" అంటూ పొగడ్తలు పాడేవాడు మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"వచ్చావా నా బానిసదానా! ఇంకా చావలేదా?" అన్నాడు మార్షల్.

"ఎలా చస్తాను? చావును కూడా నువ్వే తినేశావుగా! బడి రేకులు తిన్నావు, ఆసుపత్రి మందులు తిన్నావు. అది పొట్టా, చెత్తకుప్పా?"

జనం ఈలలు వేశారు. వాడూ చప్పట్లు కొట్టాడు.

"నా కొడుకు సిరిమాన్‌ను కూడా మింగావు. నా బిడ్డను నాకు కక్కు. వరస మీద అడుగుతున్నాను."

డప్పులవాళ్లు కర్రలు దించారు. మార్షల్ ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత మెల్లగా పళ్లు బయటపెట్టాడు.

"బొబ్బర్ల కుండలో చూశావుటే త్రవోరే? మీ ఇంటి మగాడు ఇంకెక్కడికి పోతాడు! తల దూర్చి ఇరుక్కుని ఉంటాడు, కాళ్లు పట్టుకు లాగు!"

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. డప్పులు మోగాయి. వాసా కూడా నవ్వింది. దెంబెలే బొబ్బర్ల కుండ అంటే త్రవోరే నవ్వాలి. ఊహ తెలిసినప్పటినుంచీ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు ఆమెను అడగకుండానే వచ్చేసింది.

నోరు రెండు చేతులా నొక్కుకుంది. 

"పరాచికం కాదు! నిజంగానే అడుగుతున్నాను. నా కొడుకేడీ?"

జనం మరింత పడీపడీ నవ్వారు. పరాచికమాడే త్రవోరేలు ఎప్పుడూ అనే మాటే అది. న్యేలే కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. మార్షల్ ఆమె చేతిలో మర్యాదకు తాంబూలంలా ఇచ్చే కోలా కాయలు నాలుగు పెట్టించి ముందుకు నడిచాడు.

"నిజంగానే! ఒట్టు, నిజంగానే!" అని వాసా వెంటపడి అరుస్తోంది. అరిచినప్పుడల్లా ఎవరో ఒకరు కొత్తగా నవ్వుతున్నారు.