బక్కయ్య నర్సరీ చదువు

తెలుగువాళ్ళు మరమగ్గాల పనికి వలసపోయే భేస్తాన్‌లోని ఆ ఇంగ్లీషు బడి వాళ్ళు పిల్లలతో పాటు తల్లిదండ్రులకూ పరీక్ష పెడతారు. నాలుగేళ్ళ సంధ్య రంగులు చెప్పింది, అంకెలు చెప్పింది, తన పేరు మూడు భాషల్లో చెప్పింది. బోల్తా కొట్టింది వాళ్ళ నాన్న బక్కయ్య. ఇరవై ఏళ్ళుగా మరమగ్గాల మోతలో బతికినవాడికి నెమ్మదిగా మాట్లాడటం ఎలా వస్తుంది? ప్రిన్సిపాల్ మేడం నీ పేరేమిటని అడిగితే, గదిలో నలభై మగ్గాలు ఆడుతున్నట్టే అరిచి చెప్పాడు. ఆవిడ చేతిలో టీ ఒలికింది.

"పిల్ల పాసయింది, తండ్రి ఫెయిలయ్యాడు," అంది మేడం. "చదువు లేని ఇంటి పిల్లల్ని మేం తీసుకోం. మీరు ఒక ఏడాది నర్సరీ చదవండి. అంతవరకు పాప సీటు ఆపి ఉంచుతాం."

బక్కయ్య ఎగతాళి అనుకున్నాడు. కాదు, మెడకు కట్టుకొమ్మని టై కూడా ఇచ్చారు.

"నలభై ఏండ్లోన్ని, గా చిన్న కుర్సీల ఎట్ల కూసుందునే?" అని ఇంటికొచ్చి మొత్తుకున్నాడు.

"పిల్ల కోసం జర ఒంగి కూసో," అంది భార్య ఐలమ్మ. "మగ్గం కాడ నిలవడి నిలవడి కాళ్ళు గుంజుతున్నయంటవు గదా."

రాత్రి మగ్గం, పగలు నర్సరీ. టీచరమ్మ అస్తమానం నోటి మీద వేలు పెడుతుంటే, పాపం, కార్ఖానా సైగలకు దిగాడు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగితే ఒక సైగ, మంచినీళ్ళకు ఒకటి, యజమాని సేఠ్ వస్తున్నాడంటే ఒకటి. ముప్పై మంది పిల్లలూ వారంలో అవన్నీ పట్టేశారు. మేడం వరండాలో కనబడితే చాలు, ముప్పై చేతులు సేఠ్ వస్తున్నాడని చెప్పేవి. తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినబడేది. క్రమశిక్షణ అంటే ఇదీ అని బడి ఆ తరగతికి షీల్డు ఇచ్చింది. దాన్ని టీచరమ్మ తీసుకుంది.

ఇంట్లో సంధ్య తండ్రి హోంవర్కు దిద్దేది. యాపిల్‌కు నీలం వేస్తే చెరిపించి మళ్ళీ వేయించేది. పొద్దున్నే పక్కింటి పిల్లలు యూనిఫాంలో పోతుంటే గుమ్మంలో నిలబడి చూసేది.

ఏడాది తిరిగింది. బక్కయ్య క్లాసు ఫస్టు వచ్చాడు. సంధ్యకు కొత్త గౌను తొడిగి ముగ్గురూ బడికి వెళ్ళారు. తల్లీకూతుళ్ళను గేటు దగ్గరే ఆపేశారు.

మేడం లేచి మరీ అభినందించింది. "కాని సంధ్యకు ఐదు నిండాయి, నర్సరీకి వయసు మించింది. ఎల్‌కేజీలో వేద్దామంటే నర్సరీ చదివి ఉండాలి. మీ ఇంట్లో నర్సరీ చదివింది మీరొక్కరే. అందుకని ఆ సీటు మీకిచ్చాం."

"మరి నా బిడ్డ?"

"మీరు పది దాకా చదవండి. ఇక మీ అమ్మాయి పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు. వాళ్ళ సీట్లు ఇప్పుడే రాసిపెడతాను."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బక్కయ్యకు ఒళ్ళు మండింది. ఆ బల్ల ఎత్తి పడేయాలనిపించింది. అరవాలని నోరు తెరిచాడు. ఏడాదిగా రోజూ వల్లె వేయించిన మాట, రాగంతో సహా ముద్దుగా బయటికొచ్చింది.

"థ్యాంక్యూ మేడం."

చేతులు కూడా వాటంతట అవే కట్టుకున్నాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

గేటు దగ్గర సంధ్య ఎదురు పరుగెత్తుకొచ్చింది. "బాపూ, సీటొచ్చిందా?"

"వచ్చింది బిడ్డా," అన్నాడు బక్కయ్య, దాని మొహం చూడలేక. "నాకొచ్చింది."