లాక్ వదలని దారి

మా తోడల్లుడంటే నాకు పడదు, ముందే చెప్పేస్తున్నా. అతనికీ నేనంటే పడదు. ఇద్దరం లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాసే ఒకే ఆఫీసులో ఉన్నాం. అతనిది పెద్ద చదువు. నేను కేబుళ్లు బిగించే పనిలోంచి వచ్చి, నలభై దాటాక ప్రోగ్రాములు రాసే సీ భాష నేర్చుకున్నవాణ్ణి.

ఒక లిఫ్టు రెండుసార్లు అంతస్తుల మధ్య ఊరికే ఆగిపోయింది. ప్రోగ్రాంలో ఏదో ఫంక్షన్, అంటే ఒక పనిముక్క, ఒకసారికి ఒక్క పనికే దొరికే లాక్ తీసుకుని, వదలకుండా బయటికొచ్చేస్తోందని నా అనుమానం. అలా చేస్తే మిగతా పనులన్నీ ఆ లాక్ కోసం కాచుకుని కూర్చుంటాయి. అందుకే వెతకడానికి ఒక నమూనా రాశాను. పైన లాక్, కింద బయటికొచ్చే రిటర్న్, మధ్యలో ఎక్కడా దాన్ని వదిలే అన్‌లాక్ ఉండదు. అలాంటి చోట్లన్నీ కంప్యూటరే ఏరి పెడుతుంది.

మేనేజరు గడువు పెట్టింది. మూడింటికల్లా ఒక్క నిజమైన తప్పు చూపించాలి, లేకపోతే మళ్లీ కేబుళ్ల గదికే.

మొదటిసారి నలభై ఒకటి వచ్చాయి. అన్నీ మా తోడల్లుడి ఫైల్లోనే! ఆగలేక అందరికీ పంపించేశాను.

అతను కాఫీ కప్పుతో వచ్చి నా కుర్చీ వెనకే నిలబడ్డాడు.

"అన్నయ్యా, 'వదిలెయ్' అని నా ఫంక్షన్ ఒకటుంది, చూశారా? అది చేసేది అన్‌లాకే. చదవడం వచ్చా, లెక్కపెట్టడం ఒక్కటేనా?"

"దాచిపెట్టుకుంటే నాకెలా తెలుస్తుంది?"

"దాచానా! కళ్లముందే ఉంది. కళ్లజోడు మార్పించమని వదినకి చెప్తాలెండి."

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఆ ఫంక్షన్‌ని నమూనాలో చేర్చాను. సున్నా.

అప్పుడు చూసుకున్నాను. కక్షకొద్దీ నమూనాలో అతని ఫైల్లోని లాక్ పేరే రాసిపెట్టాను. ఇంకే ఫైలూ నా కంటికి ఆనలేదు. ఆ పేరు తీసేసి, ఏ లాకైనా సరేనని మార్చాను.

రెండూ నలభైకి ఒకటి దొరికింది. తలుపు సెన్సారు ఫైలు. సెన్సారు పలక్కపోతే లాక్ వదలకుండానే రిటర్న్. రాసింది నేనే, నాలుగేళ్ల కిందట.

చూపించకపోతే కేబుళ్ల గది, పైగా ఆ లిఫ్టు మళ్లీ ఆగుతుంది. చూపిస్తే వీడి నోట్లో పడతాను.

"మేడమ్, దొరికింది. నాదే," అన్నాను.

తోడల్లుడు తెరమీదికి వంగాడు. "ఇన్నాళ్లూ జనాన్ని గాల్లో వేలాడదీసింది మీరా!"

"నేనే. పట్టుకున్నదీ నేనే. నవ్వుకో."

మేనేజరు మాత్రం నవ్వలేదు. "నమూనాల పని మీకే ఉంటుంది. కానీ మన పద్ధతి తెలుసుగా, తప్పు చేసినవాళ్లు దిద్దకూడదు. ఆ ఫైలు ఇవాళ్టి నుంచి మీ తోడల్లుడిది."

తోడల్లుడు అప్పటికే నా పక్కకి కుర్చీ లాక్కున్నాడు. "ఇదేంటి? ఇదేంటన్నయ్యా?" అంటూ, తప్పులేని నా వరుసల్ని కూడా ఒక్కొక్కటే చెరిపేస్తున్నాడు.